ఆ పిల్లను ఆటో ఎక్కించింది నేనే

డాక్టరు మాటలు తగ్గించమన్నాడు. పాతికేళ్ళకు పైగా ఒకటో తరగతి, రెండో తరగతి గదుల్లో అరిచిన గొంతు ఇది. లోపల కాయలు కాసిందట. "టీచర్లకు మామూలేనండీ, మీరు కొంచెం ఎక్కువే అరిచినట్టున్నారు" అన్నాడాయన. అలా యాభై మూడేళ్ళకే బడి మానేశాను.

నేను పనిచేసింది దిల్‌సుఖ్‌నగర్ బస్‌స్టాండు వెనక గల్లీల్లో ఉన్న ఒక ప్రైవేటు బడి. పేరు అనవసరం. చిన్నపిల్లల తరగతిలో మొదటిసారి అడుగుపెట్టబోయే కుర్ర టీచర్లు నన్ను ఒకటే అడుగుతుంటారు: "సార్, మొదటి వారం ఎట్ల గట్టెక్కాలె?" వాళ్ళు నన్నే ఎందుకు అడుగుతారంటే, నా మొదటి వారం గురించి ఆ బడిలో ఒక కథ ఉంది. ప్రతి జూన్‌లో కొత్త టీచర్లకు చెబుతారు. ఆ కథలో నేను తెలివైనవాణ్ణి, యాదమ్మ అనే ఆయమ్మ నిర్లక్ష్యపు మనిషి. రెండూ నిజం కావు. ఆ వారం ఏం జరిగిందో రాస్తున్నాను. మీకు పనికొచ్చే సంగతులు కూడా అందులోనే కలిసి ఉన్నాయి. విడదీసి చెప్పడం నాకు రాదు.

మీసాల మిస్

నేను చేరింది ఎనిమిదో తరగతి లెక్కలకు. నల్గొండ జిల్లా పల్లెటూరి నుంచి బీఎడ్ పట్టుకుని వచ్చి, కొత్తపేటలో ముగ్గురితో కలిసి ఒక గది కిరాయికి తీసుకుని, సర్కారు ఉద్యోగానికి చదువుతున్న రోజులవి. బడి తెరిచిన సోమవారం ఒకటో తరగతి టీచరు రాలేదు. ఆవిడకు ఇంకెక్కడో ఉద్యోగం దొరికింది. కరస్పాండెంట్ మేడం నన్ను పిలిచారు. ఆవిడది కోస్తా వైపు. గట్టి మనిషి, మాట మాత్రం మెత్తన.

"మాస్టారూ, ఒక్క వారం ఒకటో తరగతి చూడండి. ఈలోగా ఎవర్నన్నా వెతుకుతాను."

"చిన్నపిల్లలు నాకు అలవాటు లేదు మేడం."

"ఎవరికుంటుందండీ? వెళ్ళండి, వెళ్ళండి. అప్పుడే ఏడుపులు మొదలయ్యాయి."

నలభై ఇద్దరు పిల్లలు. నేను గదిలోకి వెళ్ళేసరికి పదిమంది ఏడుస్తున్నారు, ఇద్దరు కొట్టుకుంటున్నారు, ఒకడు పొద్దున తొమ్మిదింటికే టిఫిన్ డబ్బా తెరిచి పులిహోర తింటున్నాడు. నేను "సైలెన్స్" అని గట్టిగా అరిచాను. అప్పటిదాకా ఏడవని వాళ్ళు కూడా ఏడుపు అందుకున్నారు. ముందు బెంచీలోని పిల్ల నన్ను పైనుంచి కిందిదాకా చూసి పక్కపిల్లకు చెప్పింది, "గీ మిస్‌కు మీసాలున్నయే." వారమంతా నన్ను వాళ్ళు మిస్ అనే పిలిచారు.

బీఎడ్‌లో నాకు పిల్లల మనస్తత్వం మీద నోట్సు రాయించారు. ఆ రోజు నాకు కావలసింది వేళ్ళలో బలం. నీళ్ళ సీసాల మూతలు, టిఫిన్ డబ్బాల మూతలు, బిగుసుకుపోయిన బూటు లేసులు, ఇరుక్కుపోయిన జిప్పులు. మధ్యాహ్నానికి నా బొటనవేళ్ళు వాచాయి. పాఠం అనేది ఒక్క ముక్క చెప్పలేదు.

యాదమ్మ

యాదమ్మకు అప్పుడు నలభై దాటి ఉంటాయి. ఆమెది కూడా మా నల్గొండ వైపే. నర్సరీ నుంచి ఒకటో తరగతి దాకా ఆమె ఒక్కతే ఆయమ్మ. మొదటిరోజు నా అవస్థ గుమ్మంలో నిలబడి కాసేపు చూసి, లోపలికొచ్చింది.

"సారూ, ఎందుకు ఒర్లుతున్నవ్? నువ్వు ఒర్లితే వాళ్ళు ఒర్లుతరు. జర ఏడ్వనియ్యి. ఏడ్సుడు ఆగినంక పేరడుగు. పేరు చెప్పినంక ఏదన్న పని చెప్పు."

"ఆరేళ్ళ పిల్లకు ఏం పని చెప్త?"

"డస్టర్ పట్టుకోమను. చాక్‌పీసులు లెక్కపెట్టమను. చేతుల ఏదన్న ఉంటే కంట్ల నీళ్ళు రావు."

అది నిజం. ఎన్నో పుస్తకాలు చదివాను గానీ ఏడ్చే పిల్లల గురించి ఇంతకంటే పనికొచ్చే మాట ఎక్కడా దొరకలేదు. మంగళవారానికి ఏడ్చేవాళ్ళు నలుగురికి తగ్గారు. ఏ పిల్లవాడు బాత్రూమ్ అడగడానికి సిగ్గుపడతాడో, ఎవరికి అన్నం కలిపి పెట్టాలో, ఎవరి డబ్బాలో కూర ఎవరు తినేస్తారో, అన్నీ ఆమే చెప్పింది. వాళ్ళను నర్సరీ నుంచి చూస్తున్న మనిషి. నేను ఆమె మాట విన్నది బుధవారం దాకానే. ఆ తరవాత నాకు ధైర్యం వచ్చింది. కొత్త టీచరుకు వచ్చే మొదటి ధైర్యం చాలా ప్రమాదం.

రిబ్బన్లు

బడి వదిలే వేళ చూడాలి. నాలుగు ఆటోలు వరసగా నిలబడతాయి. ఒకటి చంపాపేట్ మీదుగా కర్మన్‌ఘాట్, ఒకటి ఎల్బీ నగర్ దాటి హైవే మీద దూరందాకా, ఒకటి సరూర్‌నగర్, ఒకటి మలక్‌పేట వైపు. ఒక్కో ఆటోలో పన్నెండు, పదమూడు మంది. బ్యాగులు బయట కొక్కేలకు వేలాడుతుంటాయి. వెనక డిక్కీలో కూడా చెక్క వేసి పిల్లల్ని కూర్చోబెడతారు. యాదమ్మ గేటు దగ్గర నిలబడి, ఒక్కొక్కరి మొహం చూసి, చెయ్యి పట్టుకుని ఆటో దాకా తీసుకెళ్ళి ఎక్కించేది. అందుకు అరగంట పట్టేది. డ్రైవర్లు హారన్లు కొట్టేవాళ్ళు.

నాకు లెక్కల బుర్ర కదా. బుధవారం సాయంత్రం ఫ్యాన్సీ షాపులో నాలుగు రంగుల రిబ్బన్లు కొన్నాను. గురువారం పొద్దున పిల్లల మణికట్లకు కట్టాను. చంపాపేట్‌కు ఆకుపచ్చ, ఎల్బీ నగర్‌కు గులాబీ, మిగతా రెండింటికి పసుపు, నీలం. ఆ సాయంత్రం పది నిమిషాల్లో గేటు ఖాళీ అయింది. మేడం పై అంతస్తు నుంచి చూసి కిందికి దిగి వచ్చారు. "భలే పద్ధతండీ మాస్టారూ! ఇన్నాళ్ళూ మాకెందుకు తట్టలేదో!" అన్నారు.

యాదమ్మ మాత్రం అంది, "సారూ, గవి పిల్లలు. రిబ్బన్లు మార్చుకుంటరు. మొకం చూసి పంపాలె."

"నువ్వు రానినాడు మొకాలు ఎవరు గుర్తుపడ్తరు ఆయమ్మా? పద్ధతి ఉండాలె."

"నేను రాని దినం లేదు గద" అంది. నేను నవ్వాను. ఆ నవ్వులో కొంత ఎగతాళి ఉంది. అది ఆమెకు అర్థమయింది.

శుక్రవారం

ఆ రోజు బడి వదిలే సమయానికి వాన మొదలైంది. డ్రైవర్లు తొందరపెడుతున్నారు. ఎల్బీ నగర్ ఆటో డ్రైవరుకు జ్వరమని అతని బామ్మర్ది బండి తెచ్చాడు. అతనికి పిల్లలెవరూ తెలియదు. "నాకెట్ల తెలుస్తది సార్?" అన్నాడు. "గులాబీ రిబ్బన్ ఉన్నోళ్ళందరూ నీ ఆటో. దిగేకాడ వాళ్ళ ఇంటోళ్ళు నిలబడుంటరు" అన్నాను గర్వంగా.

లాస్య అనే పిల్ల వచ్చింది. రెండు జడలు, నెమ్మదైన పిల్ల. చేతికి గులాబీ రిబ్బన్. యాదమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని చంపాపేట్ ఆటో వైపు నడిపిస్తోంది.

"ఆయమ్మా, అటు కాదు. రిబ్బన్ చూడు."

"సారూ, లాస్యది చంపాపేట. ఎల్‌కేజీ నుంచి నేనే ఎక్కిస్తున్న."

"ఇల్లు మారిండ్రేమో. నిన్న నేనే కట్టిన. రిబ్బన్ ఏ రంగో అదే ఆటో. నువ్వు గిట్ల మధ్యల వచ్చి మార్చకు, అంత ఆగమైతది."

ఆమె పిల్ల చెయ్యి వదల్లేదు. నేను విడిపించాను. లాస్యను ఎత్తుకుని వానకు తడవకుండా తల మీద నా చెయ్యి అడ్డం పెట్టి, ఎల్బీ నగర్ ఆటో వెనక చెక్క మీద కూర్చోబెట్టాను. పిల్ల ఏమీ అనలేదు. వారమంతా నోటి మీద వేలు పెట్టుకోమని నేర్పింది నేనే కదా.

చంపాపేట్ ఆటో డ్రైవరు ఒకరు తక్కువున్నారని అడిగాడు. "వాన గద, ఇంటోళ్ళు వచ్చి తీస్కపోయుంటరు" అని అతన్ని కూడా నేనే పంపించేశాను.

తరవాత తెలిసింది, పొద్దున విరామంలో లాస్యకు గులాబీ రంగు నచ్చి, శ్రీజ అనే ఎల్బీ నగర్ స్నేహితురాలితో రిబ్బన్ మార్చుకుంది. శ్రీజను ఆ రోజు వాళ్ళ తాత స్కూటర్ మీద వచ్చి తీసుకెళ్ళాడు. దాంతో ఎల్బీ నగర్ ఆటోలో తలల లెక్క సరిపోయి, తేడా ఎవరికీ కనిపించలేదు.

ఒక నిజమైన మాట

ఐదింటికి లాస్య వాళ్ళమ్మ తడుస్తూ బడికి వచ్చింది. అప్పట్లో అందరి దగ్గరా సెల్‌ఫోన్లు లేవు. చంపాపేట్ ఆటో అతను పిల్ల ఎక్కలేదన్నాడట. మేడం గదిలో అందరం నిలబడ్డాం. మేడం అడిగారు, "పాపని ఆటో ఎక్కించింది ఎవరు?"

నాకు అప్పటికే తెలుసు. నోట్లోంచి ఒక వాక్యం వచ్చింది.

"గేటు దగ్గర ఆయమ్మ చూసుకుంటదండి."

ఆ వాక్యంలో అబద్ధం లేదు. గేటు దగ్గర ఆయమ్మే చూసుకునేది. అందుకే అది అంత బాగా పనిచేసింది. ఆ తరవాత గంటసేపు నేను ఇంకేమీ మాట్లాడాల్సిన అవసరం రాలేదు.

యాదమ్మ అంది, "నేను ఎక్కియ్యలే అమ్మా. సారును అడుగుండ్రి."

అందరూ నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను. కొత్త టీచరు, పెద్ద చదువు చదివినవాడు, నిన్ననే మెప్పు పొందినవాడు. అటువైపు చీరకొంగు నడుముకు చెక్కుకున్న ఆయమ్మ. వాళ్ళు ఎవర్ని నమ్మాలో నిర్ణయించుకోవడానికి నా మౌనం చాలింది.

"రిబ్బన్ చూసి పంపమని మాస్టారు చెప్తే కూడా చూడలేదా నువ్వు?" అన్నారు మేడం.

లాస్య తల్లి ఆమెను ముందు గదిలో తిట్టింది, తరవాత గేటు బయట, నలుగురు తల్లిదండ్రుల ముందు తిట్టింది. "నీకు పిల్లల్లేరా? కడుపుతీపి తెలీదా?" అంది. యాదమ్మకు ముగ్గురు పిల్లలు. మేడం వాచ్‌మన్‌ను పిలిచి ఆమెను ఇంటికి పంపించమన్నారు. "పిల్ల వచ్చేదాక ఉంటనమ్మా" అని గేటు పట్టుకుని బతిమాలింది. వినలేదు.

ఏడింటికి ఆ బామ్మర్ది ఆటో వచ్చింది. లాస్య వెనక చెక్క మీద బ్యాగుల మధ్య నిద్రపోయిందట. అందర్నీ దించి, పెద్ద అంబర్‌పేట్‌లో తన ఇంటికి వెళ్ళాక చూశాడు. వాళ్ళావిడ పిల్లకు తల తుడిచి, అన్నం పెట్టి పంపింది. పిల్లకు గీత కూడా పడలేదు. చేతికి గులాబీ రిబ్బన్ అలాగే ఉంది. ఆ రంగు గురించి గానీ, ఎవరు ఎక్కించారని గానీ పిల్లను ఎవరూ అడగలేదు.

"ఆ ఆయమ్మ ఉంటే మా పాపని ఇక్కడికి పంపనండీ" అంది తల్లి. శనివారం పొద్దున యాదమ్మను తీసేశారు.

సోమవారం నేను రిబ్బన్లను పిల్లల చేతుల నుంచి విప్పేసి, బ్యాగులకు సూదీదారంతో కుట్టించాను. ఎందుకు మార్చానో ఎవరూ అడగలేదు. ఒక్క వారం అన్న ఒకటో తరగతిలోనే నేను ఉండిపోయాను. ఆ పద్ధతి ఇప్పటికీ ఆ బడిలో నడుస్తోంది, నా పేరు మీద.

తరవాతి ఏళ్ళు

నేను చెడ్డ టీచర్ని కాదు. ఆ వారం తరవాత ఏ ఆయమ్మ మాటా తీసిపారేయలేదు. మా బడికి వచ్చిన ప్రతి కొత్త టీచరుకూ మొదటిరోజే చెప్పేవాణ్ణి, "ముందు ఆయమ్మ పక్కన కూర్చుని పిల్లల పేర్లు రాసుకోండి" అని. తప్పు చేసిన టీచరును నలుగురి ముందు నిలదీయనివ్వలేదు. ఇవన్నీ చేస్తూ, లెక్క సరిపోయిందని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. సరిపోలేదు. నేను మంచిగా చూసుకున్న ఆయమ్మలెవరూ యాదమ్మ కారు.

ఒకసారి ఎల్బీ నగర్ చౌరస్తాలో బస్సు కోసం నిలబడి ఉంటే, అవతల ఆమె కనిపించింది. ఏదో దవాఖానాలో ఊడ్చేవాళ్ళు వేసుకునే నీలం కోటు వేసుకుంది. నేను మొహం తిప్పుకుని, నాది కాని బస్సు ఎక్కాను.

మొన్న నా వీడ్కోలు సభకు లాస్య వాళ్ళమ్మ వచ్చింది. ఆవిడ కొడుకు కూడా నా దగ్గరే చదివాడు. వేదిక మీద మైకు తీసుకుని, "ఒక ఆయమ్మ నిర్లక్ష్యం వల్ల ఆ రోజు నా బిడ్డ తప్పిపోయిందండీ. అప్పుడు ఈ మాస్టారు పెట్టిన రిబ్బన్ల పద్ధతి గట్టిగా పాటించబట్టే ఇన్నేళ్ళలో ఇంకో పిల్ల తప్పిపోలేదు" అంది. కళ్ళు తుడుచుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. తరవాత మైకు నా చేతికొచ్చింది. గొంతు బాగాలేదని సైగ చేసి, దండం పెట్టి కూర్చున్నాను. రెండోసారి కూడా అదే పని చేశాను. మొదటిసారి భయం అనుకోవచ్చు. రెండోసారికి సాకు లేదు.

ఎల్బీ నగర్

పాత వాచ్‌మన్ దగ్గర అడ్రసు తీసుకున్నాను. ఎల్బీ నగర్ మెట్రో దాటాక లోపలి గల్లీలో, కూతురి ఇంట్లో ఉంటోంది. తలుపు ఆమే తీసింది. జుట్టంతా తెల్లబడింది.

"యాదమ్మా, నేను..."

"ఎరుకే. మీసాల మిస్." నవ్వలేదు. "ఏంది సారూ, తోవ తప్పినవా?"

గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పాను. నా గొంతు మధ్యమధ్య ఆగిపోతుంటే ఆమె ఓపికగా విన్నది. చివర్లో తప్పయిందన్నాను.

"నాకెందుకు చెప్తున్నవ్? నాకు ఎరుక లేదా? పిల్ల చెయ్యి నా చేతిలకెల్లి గుంజుకుంది నువ్వే గదా."

అవునన్నట్టు తలాడించాను.

"ఇంకో బడిల పనికి అడగవోతే, పిల్లను పోగొట్టినామెవు నువ్వే గదా అన్నరు. ఇంకో బడిల గదే మాట. అంత గా గల్లీలోళ్ళే గద. ఇంక పిల్లల కాడ పని దొరకలే. దవాఖానల ఊడ్సిన. నాకు చెప్తే ఏమొస్తది? గా తల్లికి చెప్పినవా?"

"లేదు."

"మరి గామె కాడికి పో."

"నువ్వు కూడా రా, యాదమ్మా. ఇద్దరం పోదాం."

"నేనెందుకొస్త? నేనేం తప్పు చేసిన?"

అక్కణ్ణుంచి నేరుగా చంపాపేట్ వెళ్ళాను. లాస్య వాళ్ళమ్మ కాఫీ ఇవ్వబోతే వద్దని, నిలబడే చెప్పాను. పిల్లను ఎత్తి ఆ ఆటోలో కూర్చోబెట్టింది నేనేనని, యాదమ్మ ఆపబోయినా వినలేదని చెప్పాను. ఆవిడ కాఫీ గ్లాసు ఫ్రిజ్ మీద పెట్టేసింది.

"నేను ఆవిణ్ణి ఏమన్నానో మీకు గుర్తుందా మాస్టారూ?"

"ఉందండి."

"నాకూ ఉంది" అంది. లోపలికి వెళ్ళి చెప్పులేసుకుని వచ్చింది. "ఆవిడ ఇల్లు చూపించండి."

ఇద్దరం ఆటోలో వెళ్ళాం. యాదమ్మ తలుపు తీసింది.

"నేను లాస్య వాళ్ళమ్మనండీ" అంది ఆవిడ. తరవాత యాదమ్మ చేతులు రెండూ పట్టుకుంది.

"ఎరుకే. జర లావైనవ్. లోపలికి రా" అంది యాదమ్మ. మంచం మీద దుప్పటి సర్ది కూర్చోబెట్టి, ఎదురుగా నేల మీద కూర్చుంది. ఆవిడ కూడా మంచం దిగి నేల మీద కూర్చుంది. నాకు ఎవరూ కూర్చోమని చెప్పలేదు. గుమ్మంలోనే ఉన్నాను.

"నన్ను క్షమించండి" అని ఆవిడ మొదలుపెట్టబోతే యాదమ్మ ఆపింది.

"గదంత తర్వాత. ముందు గిది చెప్పు. గా దినం పిల్లకు ఏమన్న దెబ్బ తాకిందా? దొరికిందని వాచ్‌మన్ చెప్పిండు గని, ఎట్లున్నదో చెప్పలే. నన్ను చూడనియ్యకపోతిరి."

ఇన్నేళ్ళుగా ఆమె మోస్తున్న ప్రశ్న అది. ఆ రోజు ఏడింటికి జవాబు నా కళ్ళెదుటే ఆటో దిగింది. ఎల్బీ నగర్ చౌరస్తాలో రోడ్డు దాటి ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది.

"లేదండీ. ఏం కాలేదు. ఆ ఆటో అతని భార్య తల తుడిచి, అన్నం పెట్టి పంపింది."

"ఏం తిన్నది?"

"పెరుగన్నం తిందంట. అరటిపండు కూడా."

"అరటిపండా?" యాదమ్మ మొహం మొదటిసారి విచ్చుకుంది. "నా దగ్గర ఒక్కనాడు తినలే, దొంగముండ."